స్పీకర్ కుర్చీ దగ్గరే చిక్కు

సంపాదకులకు,

చిన్న దేశాన్ని పాలించడం తేలికని చాలామంది అనుకుంటారు. నౌరు సంగతి చూస్తే ఆ మాట నిలబడదు. పసిఫిక్‌లోని ఈ గణతంత్రం 21 చదరపు కిలోమీటర్లే. మనకున్నట్టు రాష్ట్రపతి, ప్రధాని వేర్వేరుగా ఉండరు. పార్లమెంటు సభ్యులు తమలో ఒకరిని అధ్యక్షుడిగా ఎన్నుకుంటారు. ఆయన నలుగురైదుగురిని మంత్రులుగా తీసుకుంటారు, కాబట్టి ఒక్కో మంత్రికి పలు శాఖలు తప్పవు. ఫైళ్లు నడిపేది చీఫ్ సెక్రటరీ, శాఖల కార్యదర్శులు.

అసలు చిక్కు స్పీకర్ ఎన్నికలో. అధ్యక్షుడి కంటే ముందు స్పీకర్‌ను ఎన్నుకోవాలి. ఆ కుర్చీలో కూర్చున్నవారి ఓటు మామూలు లెక్కలోకి రాదు. 2010లో 18 మంది సభ 9–9గా చీలింది. స్పీకర్‌ను ఇచ్చిన పక్షం ఎనిమిదికి పడిపోతుంది, మరి ఎవరిస్తారు? ఏప్రిల్‌లో ఎన్నికలు, జూన్‌లో మళ్లీ ఎన్నికలు. నవంబరులో మాజీ అధ్యక్షుడు లుడ్విగ్ స్కాటీ స్పీకర్‌గా ఉండటానికి ఒప్పుకున్నాకే ముడి వీడింది. సరిసంఖ్య సభ పెట్టుకోవడమే పొరపాటని నా అభిప్రాయం. 2013 ఎన్నికల నుంచి 19 స్థానాలయ్యాయి. అయినా పార్టీ కట్టుబాట్లు అంతంతమాత్రమే. గోడమీది పిల్లులు ఇద్దరుంటే చాలు, ప్రభుత్వం దినదినగండమే.

– రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు, ఏలూరు