తేదీలు చెప్పడం కాదు, నిలబెట్టుకోండి

సంపాదకుడు గారికి,

యూరప్‌లో 2035 తర్వాత కొత్త పెట్రోలు, డీజిలు కార్లు అమ్మకూడదన్న నిర్ణయంపై రగడ తెగడం లేదు. 2023లో చట్టం ఖాయమయ్యే వేళ జర్మనీ అడ్డుపడి, కృత్రిమ ఇంధనంతో నడిచే కార్లకు మినహాయింపు అడిగింది. బ్రిటన్ అయితే 2030 అంది, 2035కి జరిపింది, ప్రభుత్వం మారాక మళ్లీ 2030కే వచ్చింది.

వాళ్లను చూసి మనం నవ్వే పరిస్థితి లేదు. 2030కల్లా దేశంలో ఒక్క పెట్రోలు, డీజిలు కారూ అమ్మకూడదని 2017లో అప్పటి విద్యుత్ మంత్రి పీయూష్ గోయల్ అన్నారు. 2019లో కేంద్రానికి సలహాలిచ్చే నీతి ఆయోగ్ 2023 నుంచి ఆటోలు, 2025 నుంచి 150 సీసీ లోపు బైకులు బ్యాటరీవే అమ్మాలంది. అదే ఏడాది సెప్టెంబరులో కేంద్ర రవాణా మంత్రి గడ్కరీ గారు నిషేధం ఆలోచనే లేదన్నారు. ఈ మాటలు నడుస్తున్న కాలంలోనే మన విశాఖ మల్కాపురంలోని ప్రభుత్వ రంగ చమురు రిఫైనరీ సామర్థ్యాన్ని ఏడాదికి 83 లక్షల టన్నుల నుంచి కోటిన్నర టన్నులకు పెంచే పని జరిగింది. ప్రభుత్వానికి తన తేదీల మీద తనకే నమ్మకం లేదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

కంపెనీలకు ఇబ్బంది లేదు, ప్లాన్ మార్చుకుంటాయి. గాజువాక ఆటోనగర్‌లో పిస్టన్ రింగులు మార్చే మెకానిక్ తన కొడుక్కి ఇదే పని నేర్పాలా, బ్యాటరీ పని నేర్పించాలా? ఫైనాన్స్‌లో డీజిలు ఆటో తీసుకున్న డ్రైవరుకు వాయిదాలు తీరేలోపు రూల్ మారితే ఎలా? టెన్షనంతా వీళ్లదే.

పరవాడలో బొగ్గు కాల్చి తీసిన కరెంటుతో బండి నడిపితే ఏం లాభం అనేవాళ్లున్నారు. ఆ మాటలో నిజం ఉంది. కానీ ఎన్ఏడీ కూడలి దగ్గర ఆటో వెనక నిలబడే బైకు మనిషి పీల్చే పొగైతే తగ్గుతుంది కదా.

కార్ల గొడవ తర్వాత చూద్దాం. ముందు ఆటోలు, సిటీ బస్సులు. ఢిల్లీలో బస్సుల్ని సీఎన్‌జీకి మార్చమని 1998లో సుప్రీంకోర్టు చెప్పింది. గడువు దాటినా, ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకోలేదు కాబట్టే 2002 చివరికి పని పూర్తయింది. విశాఖలో కొత్త ఆటో బ్యాటరీదే కావాలన్న నిబంధన ఎప్పటి నుంచి, ఆటోనగర్ మెకానిక్కులకు శిక్షణ ఎక్కడ, ఎవరి ఖర్చుతో? ఈ రెండూ మన ఎమ్మెల్యేలు అసెంబ్లీలో అడిగి, జవాబు జీవో రూపంలో తేవాలి.

– ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం