ఊపిరి బిగపట్టి మునగడం నేర్చుకుంటున్న కొత్త సభ్యులకు

సభ్యులందరికీ నమస్కారం. ఫ్రీడైవింగ్ కొత్తగా మొదలుపెట్టినవారు కొందరు మునిగే ముందు గబగబా పది పదిహేనుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి వదులుతున్నారు. దయచేసి ఆ అలవాటు మానండి. దానివల్ల శరీరంలో ఆక్సిజన్ చెప్పుకోదగ్గంత పెరగదు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం తగ్గిపోతుంది. గాలి కావాలన్న తహతహను పుట్టించేది ప్రధానంగా ఆ కార్బన్ డయాక్సైడే కనుక, ఏ హెచ్చరికా అందకుండానే స్పృహ తప్పవచ్చు. 10 మీటర్ల లోతులో పీడనం ఉపరితలం మీద ఉన్నదానికి రెట్టింపు. పైకి వచ్చేకొద్దీ అది తగ్గి, ఊపిరితిత్తుల నుంచి రక్తానికి ఆక్సిజన్ అందడం కష్టమవుతుంది. అందుకే ఎక్కువమంది అడుగున కాక, చివరి కొద్ది మీటర్లలోనో పైకి తేలాకనో స్పృహ కోల్పోతారు.

ఈతకొలనులోనైనా ఒంటరిగా సాధన చేయవద్దు. ఒకరు మునిగితే శిక్షణ పొందిన మరొకరు కనిపెట్టుకుని ఉండాలి. తేలిన తర్వాత కూడా కనీసం 30 సెకన్లు ఆ ముఖం మీంచి చూపు తిప్పకూడదు. పెదవులు నీలంగా మారినా, తల తూలుతున్నా వెంటనే నోరు, ముక్కు నీటిపైన ఉండేలా ఎత్తి పట్టుకోవాలి. (గట్టున ఫోన్ చూసుకుంటూ కూర్చున్నవారిని తోడుగా లెక్కించం.) లోతుకు దిగేటప్పుడు చెవుల ఒత్తిడిని నొప్పి మొదలవకముందే సరిచేసుకోవాలి, కుదరకపోతే బలవంతపెట్టక వెనుదిరగండి. స్కూబా (గాలి సిలిండర్‌తో మునగడం) చేసిన రోజున ఫ్రీడైవింగ్ పెట్టుకోవద్దు.