వార్షిక నివేదిక: ఈ ఏడాది దుభాషీల పనికే పెద్దపీట

సభ్యులందరికీ నమస్కారం.

వేర్వేరు దేశాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు, ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు కలిసి నడుపుకుంటున్న సంఘం మనది. ఏటా జరిపే సాంస్కృతిక సంబరాలు ఈసారీ బాగా జరిగాయి. అయితే కార్యవర్గం సమయం, డబ్బు ఎక్కువగా వేరే పనికి పెట్టింది. స్టేజీ మీద ఒకరి పాటకు మరొకరు చప్పట్లు కొట్టడం సులువే. ఆసుపత్రిలోనో, ఆఫీసు కౌంటర్ దగ్గరో మాట అర్థంకాక నిలబడిపోయిన మనిషికి ఆ చప్పట్లు అక్కరకు రావు.

అందుకే దుభాషీల బృందాన్ని ఏర్పాటు చేశాం. చాలా ఇళ్లలో ఈ పని పిల్లల నెత్తిన పడుతోంది. కొత్త భాష వాళ్లకే ముందు పట్టుబడుతుంది కాబట్టి, పదేళ్ల పిల్ల స్కూలుకు సెలవు పెట్టి అమ్మతో డాక్టర్ దగ్గరికి వెళ్తుంది. నొప్పి ఎక్కడో పిల్ల ముందు చెప్పలేక అమ్మ సగం దాచుకుంటుంది. జబ్బు పేరు విని భయపడిన పిల్ల, 'ఏం లేదంటమ్మా' అని చెప్పేస్తుంది. అంత టెన్షన్ ఏ పిల్లకూ పెట్టకూడదు. ఇప్పుడు రెండు మూడు భాషలు బాగా వచ్చిన పెద్దవాళ్లు వంతులవారీగా వెళ్తున్నారు. విన్నది బయట చెప్పకూడదు, సొంత సలహా కలపకూడదు, తెలియని మాట వస్తే ఆగి అడగాలి. శిక్షణంతా ఈ మూడింటి మీదే. రాత్రివేళ ఫోన్ వస్తే వెళ్లగలిగేవాళ్లు మాత్రం ఇంకా తక్కువే.

ఫారాలు నింపడంలోనూ సాయం చేశాం. చిక్కు చాలాసార్లు పేరు దగ్గరే వస్తుంది. కొందరికి ఇంటిపేరు ముందు, కొందరికి చివర. ఐస్‌లాండ్‌లో చాలామందికి ఇంటిపేరే ఉండదు, తండ్రి పేరో తల్లి పేరో చేరుతుంది. ఇండోనేషియాలో ఒకే పేరున్నవాళ్లు ఎందరో. అలాంటివాళ్ల అమెరికా వీసాలో మొదటి పేరు చోట 'ఎఫ్‌ఎన్‌యూ' అని, అంటే మొదటి పేరు తెలియదని, అచ్చవుతుంది. ఆ తర్వాత బ్యాంకులో ఒకలా, లైసెన్సులో ఇంకోలా. మొదటి రోజే అన్ని కాగితాలూ పక్కపక్కన పెట్టి సరిచూసుకుంటే సగం తిప్పలు తప్పుతాయి.

చరిత్ర చర్చలకు యువత బాగా వచ్చారు. ఆస్ట్రేలియా 1901 వలస నియంత్రణ చట్టం ప్రకారం, దేశంలోకి రావద్దనుకున్న మనిషికి 50 మాటల డిక్టేషన్ పెట్టేవారు. ఏ భాషలో పెట్టాలన్నది అధికారి ఇష్టం. చాలా భాషలు వచ్చిన రచయిత ఎగాన్ కిష్‌కు 1934లో, స్కాట్లాండ్‌లో కొద్దిమందే మాట్లాడే స్కాటిష్ గేలిక్‌లో పెట్టారు. ఆ పరీక్ష 1958 దాకా చట్టంలో ఉంది. భాషను తలుపు గడియలా వాడుకున్నారన్నమాట.

జర్మనీ కథ ఇంకోలాంటిది. 1961లో టర్కీతో ఒప్పందం చేసుకుని కార్మికుల్ని పిలిపించుకుంది. వాళ్లు కొన్నాళ్లు పనిచేసి వెళ్లిపోతారనుకున్నారు. చాలామంది అక్కడే ఉండిపోయారు, పిల్లలు పుట్టారు. వలస వచ్చినవాళ్లకు దేశవ్యాప్తంగా భాషా తరగతులు చట్టబద్ధంగా మొదలైంది మాత్రం 2005లో. మన సంఘం భాషా తరగతులకు వచ్చే పెద్దవాళ్లను చూస్తే, ఆ ఆలస్యం ఎంత ఖరీదైనదో అర్థమవుతుంది.

సింగపూర్ మీద వాదన గట్టిగానే జరిగింది. ప్రభుత్వ ఇళ్ల బ్లాకుల్లో ఏ జాతివారు ఎంత శాతం ఉండవచ్చో 1989 నుంచి అక్కడ పరిమితి ఉంది. దానివల్ల అందరూ ఇరుగుపొరుగులవుతారని కొందరన్నారు. ఇల్లు అమ్ముకోవాల్సి వస్తే మైనారిటీలకు కొనేవాళ్లు తగ్గిపోతారని మరికొందరన్నారు. రెండూ నిజమే. అయినా ఒకే మెట్లు ఎక్కిదిగే పిల్లలు కలిసి పెరుగుతారన్న వైపే నా మొగ్గు.

బయటివాళ్లతో నిండిపోతున్నామన్న భయం కూడా ఈ చర్చల్లో వినిపించింది. మధ్యలో అడ్డుకోకుండా విన్నాం. ఐక్యరాజ్యసమితి 2024 లెక్కల్లో పుట్టిన దేశం వదిలి బతుకుతున్నవాళ్లు సుమారు 30.4 కోట్లు, ప్రపంచ జనాభాలో 3.7 శాతం. అయితే వలస అన్నిచోట్లా ఒకేలా ఉండదు. అద్దె ఇళ్లకు, బడి సీట్లకు ఒత్తిడి ఉన్నచోట ఆ బాధ నిజమైనదే. ఇళ్లు, సీట్లు పెంచమని పాతవాళ్లూ కొత్తవాళ్లూ కలిసే అడగాలి. అందుకు ఉమ్మడి వినతిపత్రం తయారవుతోంది.

జమాఖర్చుల పత్రం సర్వసభ్య సమావేశంలో విడిగా అందుతుంది. కొత్త కార్యవర్గంలో ప్రతి భాషా బృందం నుంచి ఒకరైనా ఉండాలన్న ప్రతిపాదన కూడా అప్పుడే ఓటింగుకు వస్తుంది. రాత్రివేళ దుభాషిగా వెళ్లగలిగినవాళ్లు ఆలోపే కార్యదర్శికి తమ పేర్లు ఇవ్వండి.