అటక మీది కంప్యూటర్ చాలు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల నుంచి ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతులవారి చేత కంప్యూటర్ పీరియడ్లలో ప్రాజెక్టులు చేయిస్తున్నాం. "కొత్త లాప్‌టాప్ కొనాలా మాస్టారూ?" అని చాలామంది అడుగుతున్నారు. వద్దండి. పెద్దబ్బాయి చదువుకని ఎప్పుడో కొని, పాత దుప్పటి కప్పి అటకెక్కించిన డెస్క్‌టాప్ ఉంటే దించండి. పైథాన్ (ప్రోగ్రాములు రాసే భాష) నేర్చుకోవడానికి అది చాలు.

"అది ఆన్ అవదండీ" అంటారేమో. మన వైపు దుమ్ము కన్నా చెమ్మే ఎక్కువ చేటు చేస్తుంది, సముద్రానికి దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలి కూడా తోడవుతుంది. కంప్యూటర్ పనిచేస్తున్నంతసేపు సమాచారాన్ని పట్టి ఉంచే ర్యామ్ కార్డు అంచున ఉండే పసుపు గీతల మీద సన్నటి పొర పడుతుంది. అప్పుడు ఫ్యాను తిరుగుతుంది, తెర మాత్రం నల్లగానే ఉంటుంది, ఒక్కోసారి బీప్ బీప్ అని మోత కూడా. ప్లగ్ పీకేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. పక్క రేకు విప్పి, ముందు ఆ ఇనప డబ్బాను ఒకసారి చేత్తో ముట్టుకోండి. ఒంట్లోని స్థిరవిద్యుత్తు దిగిపోతుంది. క్లిప్పులు బయటికి నొక్కితే కార్డు పైకి లేస్తుంది. పెన్సిల్ రబ్బరుతో పసుపు గీతలను రెండు వైపులా మెల్లగా రుద్ది, పొట్టును బ్రష్‌తో దులపండి. నోటితో ఊదితే తడి మళ్లీ అక్కడికే చేరుతుంది. తిరిగి పెట్టేటప్పుడు కార్డులోని గాటు స్లాట్‌లోని గట్టుతో కలవాలి, క్లిప్పు టక్కుమనాలి. రెండు క్లిప్పుల బోర్డులో ఒక్కటే టక్కుమంటే కార్డు సగమే దిగినట్టు.

కరెంటు వైరు గుచ్చే ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎవరూ విప్పకూడదు. ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో చార్జి నిలిచి ఉంటుంది. అది పాడైతే డబ్బా మొత్తం మార్చడమే.

ఇక కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతోందంటే, మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయింది. దాని పేరు సీఆర్ 2032, 3 వోల్టులు, రాసిన వైపు పైకి పెట్టాలి. తేదీ తప్పుగా ఉంటే వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్ల గడువు లెక్క కుదరదు, బ్రౌజర్ పేజీ తెరవనంటుంది. ఇంట్లోవాళ్లు నెట్ పోయిందనుకుని కేబుల్ అబ్బాయికి ఫోన్ చేస్తారు.

కోడింగ్‌లో మొదటి ప్రాజెక్టు ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. వరదలప్పుడు ఇంట్లో అందరి నోటా నలిగే అంకెలే కాబట్టి పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. సంఖ్య ఇస్తే ఏ హెచ్చరికో ప్రోగ్రామ్ చెప్పాలి. దాదాపు అందరూ ముందు 11.75తో ఇఫ్ (ఇలా అయితే), ఆ కింద 13.75తో ఎలిఫ్ (అది కాక ఇలా అయితే) రాస్తారు. 14 ఇస్తే "మొదటి హెచ్చరిక" అని వస్తుంది! "11.75కి చేరిందా?" అన్న మొదటి ప్రశ్నకే అవునని తేలాక కంప్యూటర్ కింది ఎలిఫ్‌ల జోలికి పోదు. పెద్ద అంకె నుంచి, అంటే 17.75 నుంచి, మొదలుపెట్టాలి. ఈ జవాబు మీకు తెలిసిపోయింది గానీ, దయచేసి ఇంట్లో చెప్పేయకండి. కాగితం మీద 14 రాసి ఒక్కో లైను వేలు పెట్టి చదివించండి, వాళ్లే పట్టుకుంటారు. సరిగ్గా 13.75, ఆ తర్వాత 11.74 కూడా ఇచ్చి చూడమనండి.

రెండో తప్పు: కీబోర్డులో కొట్టిన 14ను పైథాన్ అంకెగా కాదు, అక్షరాలుగా తీసుకుంటుంది. ఫ్లోట్ అనే ఆదేశంతో అంకెగా మార్చకపోతే పోల్చలేనని ఎర్రర్ ఇస్తుంది. ఎర్రర్ వస్తే ముందు చివరి లైను చదవమనండి, అసలు సంగతి అక్కడే ఉంటుంది.

తెలుగు మాస్టారికి నచ్చిన ప్రయోగం ఇంకొకటి. "అమలాపురం" పొడవెంతని పైథాన్‌ను అడిగితే 8 అంటుంది. మనకు అయిదే అక్షరాలు. లాలోని దీర్ఘాన్ని, పులోని కొమ్మును, చివరి సున్నాను యూనికోడ్ (కంప్యూటర్‌లో ప్రతి గుర్తుకూ ఒక సంఖ్య ఇచ్చే పద్ధతి) విడివిడిగా లెక్కపెడుతుంది.

తొమ్మిదో తరగతివారు ఆర్డుయినో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుతో మేడమీది నీళ్ల ట్యాంకుకు అలారం చేస్తారు. దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్ఆర్04 సెన్సర్ పంపిన ధ్వని నీటికి తగిలి తిరిగొచ్చే మైక్రోసెకన్లను (సెకనులో పది లక్షలో వంతు) 58తో భాగిస్తే దూరం సెంటీమీటర్లలో వస్తుంది. 1160 వస్తే నీళ్లు సెన్సర్‌కు 20 సెంటీమీటర్ల కింద ఉన్నట్టు. ట్యాంకులో ఆవిరి సెన్సర్ కళ్ల మీద బొట్లు కట్టి పిచ్చి అంకెలొస్తాయి. అయిదుసార్లు కొలిచి, వరసలో పెట్టి, నడిమి అంకె తీసుకోవాలి. సగటు తీస్తే ఒక్క పిచ్చి అంకె మొత్తాన్ని చెడగొడుతుంది. బోర్డు కంప్యూటర్‌లో కనిపించకపోతే ముందు కేబుల్ మార్చండి, కొన్ని కేబుళ్లు చార్జింగ్‌కు తప్ప పనికిరావు. మా ప్రాజెక్టు బజర్ మోగించడంతో ఆగుతుంది. మోటారు 230 వోల్టుల లైనుకు పిల్లలు రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) తగిలించడానికి వీల్లేదు, యూట్యూబ్‌లో ఎవరు చూపించినా సరే.

శనివారాల్లో మధ్యాహ్నం ల్యాబ్ తెరిచి ఉంచుతాం. సీపీయూ డబ్బా ఒక్కటీ తెస్తే చాలు, మానిటర్ మా దగ్గరుంది. పెళ్లి ఫొటోలూ అవీ అందులో ఉంటే ముందే వేరే చోటికి కాపీ చేసుకోండి. ఆన్ కాని డబ్బా అయితే ఆ సంగతి రాసి అంటించండి, డిస్కు ముట్టుకోం. వానలో బండి మీద తెస్తే వెంటనే ప్లగ్ పెట్టం, ఒక రాత్రి ఆరనిస్తాం. కాబట్టి సోమవారం వచ్చి తీసుకెళ్లండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు