రొయ్యల లెక్కలూ, రెండు వారాల స్ప్రింట్లూ

నెల్లూరు,
ఆదివారం

ఒరేయ్ మామా,

మీ ఒంగోలు గ్రానైట్ కంపెనీలోనూ ఈఆర్‌పీ (కొనుగోళ్లు, నిల్వలు, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) పెడుతున్నారు, దాన్ని ఎజైల్‌గా, అంటే ముక్కలు ముక్కలుగా చేసి చూసుకుంటూ, చేస్తామంటున్నారు, ఇదేందిరా అని అడిగావు కదా. ఫోన్లో అయితే సగం మర్చిపోతానని రాస్తున్నా. టీ పెట్టుకుని చదువు.

మా రొయ్యల ప్లాంట్‌లో పని సగంలో ఉంది. కన్సల్టెంట్లు మొదట తెచ్చిన ప్లాన్‌లో ముందు అవసరాలన్నీ రాసి సంతకాలు, తర్వాత కాన్ఫిగరేషన్ (సాఫ్ట్‌వేర్‌ని మన పనికి తగ్గట్టు అమర్చడం), అన్నీ అయ్యాక చిట్టచివర మన పాత డేటా ఎక్కించడం. అంత పెద్ద చార్టులో డేటాకి ఒక్క గీత! మా అకౌంట్స్ సారు అడ్డం తిరిగాడు. ఇప్పుడు రెండు వారాలకో స్ప్రింట్, అంటే ఒక చిన్న విడత పని, ప్రతి స్ప్రింట్‌లో మా సొంత డేటాతో ఒక మాక్ లోడ్, అంటే ఉత్తుత్తిగా ఎక్కించి చూడటం.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని ఉటాలో, స్నోబర్డ్ అనే మంచుకొండల రిసార్ట్‌లో 17 మంది కూర్చుని ఈ ఎజైల్ మేనిఫెస్టో రాసుకున్నారు. డాక్యుమెంట్ల గుట్టకంటే పనిచేసే సాఫ్ట్‌వేర్ ముఖ్యమన్నది అందులో ఒక మాట. ఈఆర్‌పీలో సాఫ్ట్‌వేర్ ఎవరో ఎప్పుడో రాసేశారు. మనం కొత్తగా తెచ్చి పోసేది మన డేటానే. అందుకని మన పాత లెక్కలతో పనిచేస్తేనే అది పనిచేసినట్టు, వాళ్ల డెమో డేటాతో కాదు.

మొదటి స్ప్రింట్‌లో రైతుల జాబితా, కొన్న సరుకుకి డబ్బు కట్టడం, ఈ రెండే పెట్టుకున్నాం. లోడ్ సక్సెస్ అని పచ్చగా చూపించింది. తీరా చూస్తే ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1నే యూనియన్ బ్యాంకులో కలిసిపోయినా, మా దగ్గర చాలామందికి ఏఎన్‌డీబీతో మొదలయ్యే పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్లే. దానికి తోడు ఎక్సెల్ సంగతి తెలుసుగా, అకౌంటు నంబరు ముందున్న సున్నాల్ని మింగేస్తుంది, 16వ అంకె నుంచి తనే సున్నాలు పెట్టేస్తుంది.

అసలు తమాషా కౌంట్ దగ్గర. గుంట గట్టున రైతు 50 కౌంట్ అన్నాడంటే కిలోకి 50 రొయ్యలు, తలతో సహా. ఎగుమతి పెట్టె మీద 21/25 అంటే తల తీశాక పౌనుకి 21 నుంచి 25. పాత ఫైల్లో రెండింటికీ ఒకటే కాలమ్! కొనుగోళ్లు చూసే పెద్దాయనని పిలిచి స్క్రీన్ చూపిస్తే కళ్లజోడు పైకి తోసి, "ఈ 25 ఏంది నాయనా, కిలోకా పౌనుకా? కిలోకి 25 అని రేటు కడితే కంపెనీ మునుగుద్ది" అన్నాడు. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. అవసరాల డాక్యుమెంట్ మీద ఆయన సంతకం కూడా ఉంది, అందులో ఈ ముక్క లేదు. ఆయనకది రోజూ తెలిసిన సంగతే, ఎవరైనా అడగాలని కూడా తోచలేదు. ఆరు నెలల తర్వాత బయటపడేది రెండో వారంలో బయటపడింది. ఎజైల్ మీద నాకు గురి కుదిరింది అక్కడే. మిగతా ఆర్భాటం వదిలెయ్. రోజూ పావుగంట స్టాండప్ (నిలబడే ముగించే మీటింగ్) అంటారు, మా వాళ్లు కుర్చీలు వేసుకుని గంట కూర్చుంటారు.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. కట్ఓవర్‌ని, అంటే పాత సిస్టమ్ ఆపి కొత్తదానికి మారడాన్ని, ముక్కలు చేస్తామంటే ఒప్పుకోవద్దు. కోల్డ్ స్టోరేజీలో సగం సరుకు పాత సిస్టమ్‌లో, సగం కొత్తదాంట్లో ఉంటే, ఈ పెట్టె ఏ గుంటదని విదేశీ కొనుగోలుదారు అడిగిన రోజు జవాబుండదు. ఆ రాత్రికి ఎజైల్ లేదు, గిజైల్ లేదు. ఏ గంటకి ఎవరేం చెయ్యాలో కాగితం మీద ఉండాలి, ట్రయల్ బ్యాలెన్స్ (ఖాతాలన్నిటి నిల్వల పట్టీ) పాతదానికీ కొత్తదానికీ పైసాతో సహా కలవాలి, ఎన్ని గంటల్లోపు కలవకపోతే పాత సిస్టమ్‌కి వెనక్కి పోవాలో ముందే తేల్చుకోవాలి. మీ ఓనరు ఏప్రిల్ 1 అని పట్టుబడతాడు చూడు. నిల్వలు శుభ్రంగా తేలతాయి, నిజమే, కానీ మార్చి ఆఖర్లో అకౌంట్స్ వాళ్లకి ఊపిరాడదు. అక్టోబర్ 1 అని బేరమాడు.

మీకు కౌంట్ బాధ లేదుగానీ, బ్లాకు ఘనపు మీటర్లలో, పలక చదరపు అడుగుల్లో. పైగా కొలతలో తరుగు తీసేస్తారుగా, రిజిస్టర్లో రాసేది తీయకముందుదా, తీశాకదా? చీమకుర్తి యార్డులో కొలిచే మనిషినే అడుగు, మేనేజర్ని కాదు. రిజిస్టర్ పేజీలు రెండు మూడు ఫోటో తీసి వాట్సాప్ చెయ్, కాలమ్స్ చూసి చెప్తా. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

ఉంటా మరి.