క్లోమం లేబుల్ కింద పెరోటిడ్: 60 స్లైడ్ల పార్సిల్‌పై ఫిర్యాదు

హనుమకొండ

ప్రిపేర్డ్ స్లైడ్ల విభాగం మేనేజర్ గారికి,

విషయం: తెల్ల ఎలుక, చిట్టెలుక క్లోమం స్లైడ్లు 60, ఆల్డిహైడ్ ఫుక్సిన్ సీసాలు 2. లోపాలు, మార్పిడి గురించి.

అయ్యా,

గత నెల మీ సంస్థ నుంచి మా జంతుశాస్త్ర విభాగానికి పార్సిల్ అందింది. అందులో హెచ్ అండ్ ఇ (హీమటాక్సిలిన్, ఇయోసిన్) రంగు వేసిన తెల్ల ఎలుక క్లోమం స్లైడ్లు 40, ఇన్సులిన్ చేసే బీటా కణాల కోసం ఆల్డిహైడ్ ఫుక్సిన్ అనే ఊదా రంగు వేసిన చిట్టెలుక క్లోమం స్లైడ్లు 20, అదే రంగు ద్రావణం 100 మి.లీ. సీసాలు రెండు ఉన్నాయి. ప్రతి స్లైడునూ ఇద్దరం విడివిడిగా చూసి, రాసుకున్నవి పక్కపక్కన పెట్టి సరిపోల్చుకున్నాం. ఎలుక స్లైడ్లు 40లో 13 అసలు క్లోమమే కావు. 18 క్లోమమే గానీ చూపించడానికి పనికిరావు. బాగున్నవి 9. చిట్టెలుక స్లైడ్లు 20లో ఒక్కదాంట్లో కూడా బీటా కణాలకు రంగు పట్టలేదు. స్లైడు నంబర్ల పట్టిక, ఫోటోలు, ఇన్‌వాయిస్ కాపీ దీనితో జతచేశాం.

ఫోన్ చేస్తే మీ ప్రతినిధి "మైక్రోస్కోప్ లైటు సరిచేసుకోండి సార్" అన్నారు. లైటు సరిగ్గానే ఉంది. అదే మైక్రోస్కోప్ కింద, అదే కండెన్సర్ ఎత్తులో, మా బీరువాలోని పాత క్లోమం స్లైడు ఎసినై (జీర్ణరసం చేసే కణాల గుత్తులు, ఒక్కోటి ఎసినస్), పుటికలు (హార్మోన్లు చేసే కణాల దీవులు) అన్నీ శుభ్రంగా చూపిస్తోంది. కాబట్టి లోపం ఎక్కడుందో స్లైడ్ల వారీగా రాస్తున్నాం.

ముందు ఆ 13 సంగతి. క్లోమానికీ పెరోటిడ్ లాలాజల గ్రంథికీ పోలిక ఉన్నమాట నిజమే. రెండూ సీరస్ (ఎంజైములున్న పలచటి రసం చేసే) ఎసినైలే. రెండింట్లోనూ కణం అడుగుభాగం ఊదాగా, పైభాగం గులాబీగా కనిపిస్తుంది, గుండ్రటి కేంద్రకం అడుగునే ఉంటుంది. పుటికలు కనబడనంత మాత్రాన క్లోమం కాదని మేమూ అనం. లాంగర్‌హాన్స్ పుటికలు మొత్తం గ్రంథిలో 1 నుంచి 2 శాతమే కాబట్టి ఒక చిన్న సెక్షన్‌లో (పలుచగా కోసిన పొరలో) అవి తప్పిపోవచ్చు. తేల్చేది నాళాలు. మీరు పంపిన పెట్టెలోని 7వ నంబరు స్లైడును 10 ఆబ్జెక్టివ్ (పది రెట్లు పెద్దగా చూపే లెన్సు) కింద పెడితే, ప్రతి లోబ్యూల్‌లోనూ (గ్రంథిలోని చిన్న విభాగంలోనూ) నాలుగైదు చోట్ల నిండు గులాబీ రంగులో గుండ్రటి నాళాలు ఎసినైల కంటే ముందే కంట్లో పడతాయి. 40కి మార్చితే ఆ నాళాల కణాలు పొడుగ్గా, కేంద్రకం నడుమన, అడుగున నిలువు గీతలతో కనిపిస్తాయి. కణపొర లోపలికి మడతలు పడి, ఆ మడతల మధ్య మైటోకాండ్రియా వరుసకట్టడం వల్ల వచ్చే గీతలవి. ఈ చారల నాళాలు లాలాజల గ్రంథుల్లో ఉంటాయి, క్లోమంలో ఉండవు. క్లోమంలో సన్నని ఇంటర్‌కలేటెడ్ నాళిక సాదా నాళంలో కలిసి, అక్కడి నుంచి లోబ్యూల్ బయటి పెద్ద నాళానికి పోతుంది. పైగా ఆ నాళిక మొదలే ఎసినస్ లోపలికి చొచ్చుకుని ఉంటుంది కాబట్టి, ఎసినస్ నడిమధ్యలో లేతరంగు కేంద్రకాలు ఒకటో రెండో కనిపించాలి. అవే సెంట్రోఎసినార్ కణాలు. 7వ స్లైడులో గంటసేపు వెతికినా అలాంటి కణం ఒక్కటీ దొరకలేదు.

ఇలాంటివి 11. మిగతా రెండింట్లో (22, 31) చారల నాళాలు కూడా లేవు. ఎసినస్ కణాల కేంద్రకాలు మాత్రం చిన్నవీ చాలా పెద్దవీ కలగలిసి ఉన్నాయి. మగ ఎలుకకు చెవి కింద, పెరోటిడ్ పక్కనే ఉండే కన్నీటి గ్రంథి ఇలా ఉంటుంది. ఈ రెండు కూడా ఉండటం వల్లే పొరపాటు ఎక్కడ జరిగిందో ఊహించగలుగుతున్నాం. మెడ భాగం కోసినప్పుడు ఈ గ్రంథులన్నీ ఒకచోటే చేతికి వస్తాయి. ఆ ముక్కలు పెట్టిన కాసెట్ మీద క్లోమం అని రాసి ఉండాలి. ఆ పైన 11 పెరోటిడ్ స్లైడ్లలోనూ ఒకే మూలన ఒకే ముడత, దాని పక్కనే ఒకే సిర ఉన్నాయంటే అన్నీ ఒకే మైనపు బ్లాకు నుంచి కోసిన వరుస సెక్షన్లే. ఒక బ్లాకు నుంచి వందల సెక్షన్లు వస్తాయి. మాకు వచ్చినవి 11 అయితే మిగిలినవి ఏ కాలేజీల బీరువాల్లో క్లోమం పేరుతో ఉన్నాయో మీ రిజిస్టర్ చూస్తే తెలుస్తుంది. మీరు పెరోటిడ్ అని అమ్మిన పెట్టెలు కూడా ఒకసారి తెరిచి చూసుకోవడం మంచిది, మాకు రావలసిన క్లోమం వాటిలోనే ఉండొచ్చు.

కందిపప్పు డబ్బాలో పెసరపప్పు పోస్తే మూత తీయగానే తెలిసిపోతుంది. ఇక్కడ తెలియాలంటే ఎవరో ఒకరు లేబుల్ అంటించే ముందు ఒక నిమిషం 10 ఆబ్జెక్టివ్ కింద చూడాలి. యూజీసీ డిసెక్షన్లు ఆపమన్నాక డిగ్రీ పిల్లలకు క్లోమం కనిపించేది ఈ స్లైడులోనే. ప్రాక్టికల్ పరీక్షలో దీన్నే స్పాటర్‌గా (చూసి గుర్తుపట్టి పేరు రాయాల్సిన నమూనాగా) పెడతాం. 7వ స్లైడు చూసి పెరోటిడ్ అని సరిగ్గా రాసినవాడికి సున్నా, లేబుల్‌ను నమ్మి క్లోమం అని రాసినవాడికి మార్కులు పడతాయి.

ఇక పాడైన 18. క్లోమం తనను తాను అరిగించుకునే అవయవం. ఎసినై కణాల్లో జైమోజెన్ రేణువులుగా నిలవ ఉండే జీర్ణ ఎంజైములు ప్రాణం పోయిన వెంటనే పని మొదలుపెడతాయి కాబట్టి, పొట్ట తెరిచాక మిగతా అవయవాల కంటే ముందు దీన్నే తీసి నిమిషాల్లో ఫిక్సేటివ్‌లో (కణజాలం పాడవకుండా ఆపే ద్రవంలో) వేయాలి. 18 స్లైడ్లలో రెండు రకాల లోపం ఉంది, రెండింటి కారణం ఒకటి కాదు. 12 స్లైడ్లలో అంచు నుంచి నడుమ దాకా అంతా ఒకేలా పాడైంది. ఎసినైలు ఒకదానికొకటి విడిపోయాయి, కణాల హద్దులు చెరిగిపోయాయి, పైభాగంలో రేణువులు ఉండాల్సిన చోట గులాబీ మసక మాత్రమే ఉంది. ఇది ఆలస్యంగా తీసిన కణజాలం. మిగతా 6 స్లైడ్లలో అంచున బాగుంది, నడుమన పాడైంది. అంటే ముక్క మందంగా ఉంది, ఫార్మలిన్ లోపలికి చేరేలోపు అరుగుదల అయిపోయింది. 3, 4 మి.మీ. మందానికి మించకుండా ముక్కలు కోసి, వాటికి 20 రెట్ల పరిమాణంలో 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్ పోసి 24 గంటలు ఉంచితే ఈ గొడవ ఉండదు. పుటికల కోసమే చేసే స్లైడ్లకైతే బూయిన్ ద్రవం ఇంకా మంచిది: సంతృప్త పిక్రిక్ ఆమ్లం 75, ఫార్మలిన్ 25, గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం 5 పాళ్లు. పసుపు పోయేదాకా 70 శాతం ఆల్కహాల్‌లో కడగడం మాత్రం మరవొద్దు.

చిట్టెలుక స్లైడ్లలో తప్పు ఇంకో రకం. వీటిలో క్లోమం క్లోమమే, ఫిక్సేషన్ కూడా బాగుంది. ధమని గోడల్లోని ఎలాస్టిక్ పోగులు చక్కటి ఊదారంగు పట్టాయి, అక్కడక్కడ మాస్ట్ కణాలు కూడా. పుటికలు మాత్రం తెల్లగా మిగిలాయి. ఈ ఆధారం చాలు. ద్రావణం చచ్చిపోయి ఉంటే ఎలాస్టిక్ పోగులు కూడా ఊదాగా మారేవి కావు. సెక్షన్‌ను ముందుగా ఆక్సిడైజ్ చేయకుండా బీటా కణాలకు రంగు పట్టాలంటే వాడిన బేసిక్ ఫుక్సిన్ పారారోజానిలిన్ అయి ఉండాలి, అంటే రంగు సూచిక సంఖ్య 42500. రోజానిలిన్ (42510) ఎక్కువగా ఉన్న పొడితో చేసిన ఆల్డిహైడ్ ఫుక్సిన్ ఎలాస్టిక్ పోగులను పడుతుంది గానీ ఆక్సిడేషన్ లేని బీటా కణాన్ని వదిలేస్తుంది. మీ సీసా లేబుల్ మీద ఆ సంఖ్య లేదు, తయారైన తేదీ కూడా లేదు. ఈ రంగు కలిపిన రెండు మూడు రోజులకు పక్వానికి వస్తుంది. ఆ తర్వాత ఫ్రిజ్‌లో పెట్టినా కొంతకాలమే నిలుస్తుంది, పాతబడేకొద్దీ సెక్షన్ అంతా పట్టేసి నేపథ్యం మురికిగా మారుతుంది. అలాంటి సరుకును ఐస్ ప్యాక్ లేకుండా ఏప్రిల్ ఎండలో కాజీపేట పార్సిల్ ఆఫీసుకు పంపారు. సీసాలు మేం వాడలేదు, సీలు తీయకుండా తిరిగి పంపుతున్నాం.

పెట్టెలో పెట్టిన వివరణ పత్రంలో పుటిక బొమ్మ మనిషిది. మనిషి పుటికలో ఆల్ఫా, బీటా కణాలు కలగలిసి ఉంటాయి. ఎలుకలో, చిట్టెలుకలో అలా కాదు: బీటా కణాలు నడుమ ముద్దగా, వేరే హార్మోన్లు చేసే ఆల్ఫా, డెల్టా కణాలు చుట్టూ అంచున ఉంటాయి. పత్రం చూసుకుంటూ స్లైడు చూసే విద్యార్థికి కళ్ల ముందున్నది తప్పేమో అనిపిస్తుంది.

మౌంటింగ్ గురించి ఒక్క మాట. బాగున్న 9లో కూడా నాలుగింట్లో కవర్‌స్లిప్‌ను అతికించే డీపీఎక్స్ పొర ఎంత మందంగా ఉందంటే 100 ఆయిల్ ఆబ్జెక్టివ్ ఫోకస్‌కు అందడం లేదు. ఆ ఆబ్జెక్టివ్‌కు కవర్‌స్లిప్ పైన సుమారు 0.13 మి.మీ. ఎడమే ఉంటుంది. జైమోజెన్ రేణువులు ఒక మైక్రాన్ అటూఇటూ ఉంటాయి, ఆయిల్ ఆబ్జెక్టివ్ అందకపోతే వాటిని చూపించలేం. కవర్‌స్లిప్ 0.17 మి.మీ. మందానిది వాడి, డీపీఎక్స్ ఒక చుక్కతో సరిపెడితే చాలు.

మేం కోరేది ఇదీ. 13 తప్పు స్లైడ్లు, 18 పాడైనవి, 20 చిట్టెలుక స్లైడ్లు మీ ఖర్చుతో తీసుకెళ్లి, ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో మార్చి పంపండి. మందమైన పొర ఉన్న నాలుగింటికి కవర్‌స్లిప్ తీసి మళ్లీ మౌంట్ చేసి ఇవ్వండి. కొత్త స్లైడ్లు 4 నుంచి 5 మైక్రాన్ల సెక్షన్లు కావాలి. ఒక్కో లేబుల్ మీద జంతువు, ఫిక్సేటివ్, రంగు, బ్లాకు నంబరు ఉండాలి. క్లోమం ఏ భాగమో, ఆంత్రమూలం వైపుదా, ప్లీహం వైపుదా అన్నది కూడా రాయండి, ఎందుకంటే ఎలుకలో పీపీ (పాంక్రియాటిక్ పాలీపెప్టైడ్ చేసే) కణాలు ఎక్కువగా ఆంత్రమూలం వైపు పుటికల్లో, ఆల్ఫా కణాలు ఎక్కువగా ప్లీహం వైపు పుటికల్లో ఉంటాయి. రెండు సీసాల డబ్బు తిరిగి ఇవ్వండి. ద్రావణం వద్దు, సూచిక సంఖ్య స్పష్టంగా ఉన్న పారారోజానిలిన్ పొడి 25 గ్రాములు పంపితే మేమే కలుపుకుంటాం.

ఆ పెరోటిడ్ బ్లాకు నుంచి స్లైడ్లు ఎవరెవరికి వెళ్లాయో వాళ్లకు కూడా రాతపూర్వకంగా తెలియజేసి, ఒక కాపీ మాకు పంపండి. గడువులోగా జవాబు రాకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాం. తప్పు స్లైడ్లలో 7, 22, 31 నంబర్లవి మాత్రం గడువు దాకా మా దగ్గరే ఉంటాయి, మీ సాంకేతిక నిపుణులు ఎవరైనా వచ్చి మా మైక్రోస్కోప్ కిందే చూసుకోవచ్చు. ప్రాక్టికల్స్ లేని రోజు కాబట్టి శనివారం మధ్యాహ్నం రావడం వీలు.

ఇట్లు,
జంతుశాస్త్ర విభాగం అధ్యాపకులు,
హనుమకొండ

జత: స్లైడ్ల వారీ పట్టిక, ఫోటోలు, ఇన్‌వాయిస్ కాపీ