వార్షిక నివేదిక: రాసే పిల్లలు, వినే తరగతి

సభ్యులందరికీ నమస్కారం.

మన టీచర్ల బృందం నెలకోసారి కలవాలని ఏడాది మొదట్లో తీర్మానించుకున్నాం. పరీక్షల నెలల్లో కుదరలేదు, మిగతా నెలల్లో కలిశాం. కొత్తగా చేరినవాళ్లలో ఎక్కువమంది ఒకటి, రెండు తరగతుల టీచర్లు కావడం సంతోషం. జమాఖర్చుల పట్టిక విడిగా జత చేశాను. నోటుపుస్తకాలు, జిరాక్సుల ఖర్చు తప్ప అందులో పెద్ద విశేషమేమీ లేదు.

ఇక అసలు సంగతి రచన గంట. ప్రాథమిక తరగతుల్లో పిల్లల చేత సొంతంగా రాయించడం ఎలా అన్న ఒక్క అంశమే ఈ ఏడాది పెట్టుకున్నాం. మొదట్లో అది భాషా బోధన సమస్య అనుకున్నాం. తీరా చూస్తే సగానికి పైగా చర్చ పిల్లలు ఒకరితో ఒకరు ఎలా ఉంటున్నారన్న దాని మీదే నడిచింది. పక్కవాడు నవ్వుతాడన్న భయం ఉంటే ఏ పిల్లా తన మాట రాయదు, ఆవు వ్యాసం రాస్తుంది. ఆవుకు నాలుగు కాళ్లుండును అని రాస్తే ఎవరూ నవ్వరు మరి.

మూడో తరగతి చెప్పే మన సభ్యురాలు ఒకరు ఏడాదంతా దీన్ని చేసి చూపించారు. ఆమె గంటలో మొదటి పది నిమిషాలు చిన్న పాఠం, అదీ ఒకే ఒక్క విషయం మీద. తర్వాత ఇరవై నిమిషాలు అందరూ రాసుకోవాలి. చివర్లో ఒకరిద్దరు చదివి వినిపిస్తారు. పిల్లలు రాస్తున్నంతసేపూ టీచర్ తన కుర్చీలో ఉండరు, ఎవరో ఒక పిల్ల పక్కన నేల మీద కూర్చుంటారు. ఈ తీరు మనం కనిపెట్టింది కాదు. 1980ల నాటికే అమెరికాలో డోనల్డ్ గ్రేవ్స్ అనే పరిశోధకుడు, ఆయనతో పనిచేసిన టీచర్లు దీన్ని బాగా వ్యాప్తిలోకి తెచ్చారు. మనం చూడాలనుకున్నది అరవై గుణింతపు తప్పులు దిద్దాల్సిన మన తరగతిలో ఇది నిలుస్తుందా అని.

ఆమె తెచ్చిన నోటుపుస్తకాల్లో ఒకటి చెబుతాను. ఒక పిల్లాడు ఐదు రోజులు వరసగా "మా ఇంట్లో పిల్లి ఉంది. అది తెల్లగా ఉంటుంది. నాకు పిల్లి అంటే ఇష్టం" అనే మూడు ముక్కలే రాశాడు. ఆరో రోజు టీచర్ పక్కన కూర్చుని "అది ఎక్కడ పడుకుంటుంది నాన్నా?" అని అడిగి ఊరుకున్నారు. వాడు చాలాసేపు పెన్సిల్ కొరుకుతూ ఉండి, "మా నాన్న చెప్పులో" అన్నాడు. "అది రాయి" అని లేచి వెళ్లిపోయారు. మర్నాటికి పేజీ నిండింది. ఒక్క చెప్పే వేసుకుని నాన్న రెండో చెప్పు కోసం ఇల్లంతా వెతకడం, పిల్లిని లేపొద్దని అమ్మ కేకలేయడం, అన్నీ వచ్చాయి. 'చెప్పు'లో వత్తు పోయింది, 'వెతికాడు' కాస్తా 'వేతికాడు' అయింది. టీచర్ ఆ రోజు వాటి జోలికి పోలేదు.

ఇక్కడ ఒక మాట. ఆమె చేసిన పనిలో కష్టమైంది ప్రశ్న వేయడం కాదు, వేశాక ఊరుకోవడం. ప్రశ్న అడిగాక టీచర్లు మామూలుగా ఒక సెకను మాత్రమే ఆగుతారని, మూడు సెకన్లు ఆగినా పిల్లల జవాబులు పొడవవుతాయని మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970ల్లోనే చూపించారు. ఒక సమావేశంలో మనవాళ్లం ఒకరినొకరు ప్రశ్నలడుగుతూ వాచీ చూసుకున్నాం. మూడు సెకన్లంటే ఎంత పొడవో ఆ రోజు తెలిసింది. నేనైతే రెండో సెకనుకే జవాబు అందించేశాను.

దిద్దుబాటు మీద మనలో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు, ఆ సంగతి నివేదికలో ఉండాలి. తప్పులు వదిలేస్తే తల్లిదండ్రులకు ఏం చెప్పాలని సీనియర్లు గట్టిగానే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నాలుగో తరగతి నుంచి పన్నెండో తరగతి వరకు పిల్లల రచన మీద జరిగిన అనేక అధ్యయనాలను గ్రాహం, పెరిన్ అనే ఇద్దరు పరిశోధకులు 2007లో కలిపి చూశారు. వ్యాకరణాన్ని విడిగా పాఠంలా చెబితే రచన మెరుగుపడలేదని, చిన్న వాక్యాల్ని కలిపి పెద్ద వాక్యం చేయించడం పనికొచ్చిందని తేలింది. దీన్ని ఒక ఐదో తరగతిలో ప్రయత్నించాం. "వాన వచ్చింది. మేము పరిగెత్తాము. పుస్తకాలు తడిశాయి" అని బోర్డు మీద రాస్తే చాలామంది "వాన వచ్చి మేము పరిగెత్తి పుస్తకాలు తడిశాయి" అన్నారు. ఒక అమ్మాయి మాత్రం "వాన వచ్చి, మేం పరిగెత్తేలోపే పుస్తకాలు తడిసిపోయాయి" అంది. ఆ 'లోపే' ఎందుకు బాగుందన్న దాని మీదే తరగతి మిగతా గంటంతా గడిచిపోయింది. ఒకటి రెండు తరగతుల్లో ఇది ఎంతవరకు పనిచేస్తుందో మనమే చూసుకోవాలి. ప్రస్తుతానికి రాజీ ఏమిటంటే, వారానికి ఒకే రకం తప్పు. ఈ వారం వత్తులైతే వత్తులే, ఎర్ర పెన్ను మిగతా వాటి మీద పడదు.

బెడిసికొట్టిన పని కూడా ఉంది. ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరిది ఒకరు దిద్దుకోమన్నాం. రెండో రోజుకే అది తప్పులు పట్టే పోటీ అయిపోయింది. "మేడమ్, దీనికి దీర్ఘాలే రావు" అని ఒకడు లేచి నిలబడి మరీ చెప్పాడు. ఆ అమ్మాయి మోచేత్తో పేజీ మూసేసుకుంది, నాలుగు రోజులు మళ్లీ ఏమీ రాయలేదు. తప్పు పిల్లలది కాదు. ఎలా వినాలో నేర్పకుండా ముందే ఎర్ర పెన్ను వాళ్ల చేతికిచ్చిన తప్పు మనది. ఆ తర్వాత పద్ధతి మార్చాం. రాసినవాళ్లు చదువుతారు, పుస్తకం చేయి మారదు. విన్నవాళ్లు తమకు గుర్తున్న ఒక ముక్క చెప్పాలి, తర్వాత ఒక ప్రశ్న అడగొచ్చు, అంతే. 'బాగుంది' అనే మాట కూడా వద్దన్నాం, ఎందుకంటే అది అసలు వినకుండానే అనేయొచ్చు. ఆ అమ్మాయి ఐదో రోజు తన పన్ను ఊడిన సంగతి చదివింది. ముందు లేచి నిలబడిన వాడే "ఊడిన పన్ను ఇప్పుడెక్కడుంది?" అని అడిగాడు.

చదివేవాళ్లకు వేరే కుర్చీ వేయడం చిన్న విషయంలా కనిపించినా బాగా పనిచేసింది. దాన్ని రచయిత కుర్చీ అంటారు, గ్రేవ్స్, జేన్ హాన్సెన్ 1983లో దీని గురించి రాశారు. కుర్చీ టీచర్‌దైతే ఇంకా మంచిది. ఉదయం హాజరు వేసేముందు గుండ్రంగా కూర్చుని పక్కవాళ్లను పేరు పెట్టి పలకరించడం కూడా కొన్ని తరగతుల్లో మొదలైంది. ఏడాది సగం గడిచినా కొందరికి తమ తరగతిలోనే ముగ్గురు నలుగురి పేర్లు తెలియవని అప్పుడే బయటపడింది.

రెండు బళ్ల మధ్య ఉత్తరాలు నడిపిద్దామన్న ఆలోచన ఫ్రాన్స్ టీచర్ సెలెస్టాన్ ఫ్రెనె నుంచి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తికి గాయమైన ఆయన పాఠం ఎక్కువసేపు చెప్పలేకపోయేవారు. 1924లో తరగతిలోకి చిన్న అచ్చు యంత్రం తెచ్చి, పిల్లలు రాసింది పిల్లల చేతే అచ్చు వేయించి వేరే బడికి పంపించేవారు. మనం యంత్రం లేకుండా ఉత్తరాలే పంపాం. జవాబులు రావడానికి రెండు నెలలు పట్టింది. అవతలి తరగతికి పరీక్షలు అడ్డొచ్చాయి. ఇవతలి పిల్లలు రోజూ "ఉత్తరం వచ్చిందా?" అని అడుగుతుంటే టీచర్‌కు టెన్షన్. వచ్చే ఏడాది పరీక్షల తేదీలు చూసుకున్నాకే మొదటి ఉత్తరం వేద్దాం.

వచ్చే సమావేశానికి ప్రతి సభ్యులూ ఒకే పిల్ల రాసిన రెండు పేజీలు తేవాలి, ఒకటి ఏడాది మొదటిది, ఒకటి చివరిది. పిల్ల పేరు కనిపించకుండా కాగితం అంటించండి. దిద్దకుండా తెండి.

ఇట్లు,
కార్యదర్శి